తక్కువ ఆదాయంతో పొదుపైన పాత కారు కొనడం ఎలా?

పాత కారు కొనేవాళ్లకు తోడుగా వెళ్లడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు, ఎవరు పిలిచినా వెళ్తాను. వెళ్లిన ప్రతిచోటా ఒకే పొరపాటు కనిపిస్తుంది. రంగు చూస్తారు, సీట్లు చూస్తారు, స్టీరియో పెట్టి వింటారు. అమ్మేవాడు ముందే నడిపి వేడి చేసి ఉంచిన ఇంజన్ చప్పుడు విని, బాగుందని తల ఊపుతారు. నెల తిరగకుండానే మెకానిక్ చుట్టూ తిరగడం మొదలవుతుంది. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు అలా కరిగిపోవడం చూడలేక ఇది రాస్తున్నాను.

1. ముందు ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోండి

కారు ధర ఒక్కటే ఖర్చు కాదు. ఇంధనం, బీమా, పన్ను, సర్వీసు, టైర్లు అన్నీ కలిపి నెలకు ఎంత అవుతుందో కాగితం మీద రాయండి. ఆ మొత్తం చేతికి వచ్చే ఆదాయంలో నూటికి పదిహేను దాటకూడదు. దాటితే ఇంకా చిన్న కారు చూడాలి, లేదా ఇంకొన్నాళ్లు ఆగాలి.

దాచుకున్న డబ్బంతా కారు ధరకే పెట్టేయకండి. అందులో ఐదో వంతు పక్కన ఉంచండి. ఏ పాత కారైనా మొదటి రెండు నెలల్లో ఏదో ఒకటి అడుగుతుంది. బ్యాటరీ కావచ్చు, బ్రేకు ప్యాడ్లు కావచ్చు, నాలుగు టైర్లూ కావచ్చు. ఆ డబ్బు లేకపోతే కారు వాకిట్లోనే ఆగిపోతుంది.

అప్పు చేసి పాత కారు కొనకండి. ఈ మాట మీద నాతో చాలామంది వాదించారు, నేను మాత్రం మారలేదు. వాయిదాల కాలం పెరిగేకొద్దీ కారు విలువ కన్నా మిగిలిన అప్పే ఎక్కువగా ఉండే రోజులు పెరుగుతాయి. ఆ రోజుల్లో ఇంజన్ పాడైతే కదలని కారుకు వాయిదా కట్టాలి, పైగా మరమ్మతుకు డబ్బు వెతుక్కోవాలి.

2. ఏ కారు వెతకాలి

చిన్న కారు, పెట్రోలు, మాన్యువల్ గేర్లు, టర్బో (గాలిని ఒత్తి ఇంజన్‌లోకి పంపే భాగం) లేని 1000 నుంచి 1500 సీసీ ఇంజన్, వయసు ఐదు నుంచి ఎనిమిదేళ్లు. కొత్త కారు విలువ మొదటి మూడేళ్లలోనే అన్నిటికన్నా వేగంగా పడిపోతుంది. ఆ నష్టాన్ని మొదటి యజమాని భరించాక కొనడమే మనకు తగిన పని. మీ చుట్టుపక్కల రోడ్ల మీద ఎక్కువగా కనిపించే మోడలే తీసుకోండి. ఎక్కువగా అమ్ముడైన కారుకు విడిభాగాలు చవకగా దొరుకుతాయి, దాన్ని విప్పి బిగించడం ప్రతి మెకానిక్‌కూ తెలిసి ఉంటుంది. అరుదైన విదేశీ మోడల్ తక్కువ ధరకు వస్తోందంటే దాన్ని ఎవరూ బాగుచేయలేకపోవడమే చాలాసార్లు కారణం.

డీజిల్ మైలేజీ చూసి ఆశపడకండి. రోజూ దూరం వెళ్లేవాళ్లకు అది సరే. ఊళ్లోనే కొద్దికొద్ది దూరాలు తిరిగితే, కొత్త తరం డీజిల్ కార్లలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్‌కు ఆ మసిని కాల్చుకునేంత వేడి అందదు, అది మూసుకుపోతుంది. దాన్ని మార్చే ఖర్చు, ఇంజెక్టర్ల ఖర్చు కలిస్తే ఇంధనం మీద మిగిల్చినదంతా ఒక్క దెబ్బకు పోతుంది.

మైలేజీ విషయంలో ఇంకో భ్రమ ఉంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని లెక్క పెట్టడం మనల్ని పక్కదారి పట్టిస్తుంది. వెయ్యి కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని అడగండి. లీటరుకు 10 ఇచ్చే కారు బదులు 12 ఇచ్చేది తీసుకుంటే వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 17 లీటర్లు మిగులుతాయి. 20 ఇచ్చేదాని బదులు 24 ఇచ్చేది తీసుకుంటే మిగిలేది 8 లీటర్లు మాత్రమే. 18కీ 20కీ మధ్య తేడా ఆరు లీటర్ల లోపే. ఆ కొద్దిపాటి తేడా కోసం ఎంతో ఎక్కువ ధర పెట్టి కారు కొనేవాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. ఆ డబ్బుతో సర్వీసు సరిగ్గా జరిగిన మంచి కారు వచ్చేది.

3. ఫోనులోనే సగం కార్లను తప్పించండి

యజమాని నేరుగా అమ్ముతున్న కార్లతో మొదలుపెట్టండి. ఎన్నాళ్లుగా మీ దగ్గర ఉంది, ఎందుకు అమ్ముతున్నారు, సర్వీసు రసీదులు ఉన్నాయా అని అడగండి. రసీదులు లేవంటే మర్యాదగా ఫోను పెట్టేయండి. లక్షన్నర కిలోమీటర్లు తిరిగి రసీదులన్నీ ఉన్న కారు, యాభై వేలే తిరిగిందని చెప్పి ఒక్క కాగితమూ చూపించలేని కారు కన్నా ఎన్నో రెట్లు నయం. ఓడోమీటరు అంకె మార్చడం కష్టమైన పని కాదు. అరిగిన బ్రేకు పెడలు రబ్బరు, నున్నబడిన స్టీరింగ్, నలిగిన డ్రైవరు సీటు అంచు మాత్రం దాచలేరు.

4. వెంట తీసుకెళ్లాల్సినవి, చూడాల్సిన కాగితాలు

టార్చి, తెల్ల గుడ్డ, పలుచని బట్టలో చుట్టిన చిన్న అయస్కాంతం, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను ఫోనులో చూపించే ఓబీడీ స్కానర్. ఇవి చాలు.

కారు గుర్తింపు సంఖ్యలో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలు వాడరు, కాబట్టి అవి కనిపిస్తే అనుమానించండి. బాడీ మీద ఉన్న సంఖ్య, కాగితాల్లో ఉన్న సంఖ్య ఒక్కొక్క అక్షరం సరిపోల్చండి. కారు మీద తీరని అప్పు లేదని రుజువు చూపించమనండి.

5. చల్లటి ఇంజన్: ఇక్కడ తొందరపడకండి

మిగతా పనులన్నీ ఎవరైనా చేయగలరు. డబ్బు పోయేది, మిగిలేది ఈ దశలోనే. ఇంజన్‌ను రాత్రంతా ఆపి ఉంచాక, ఉదయం మొదటిసారి స్టార్టు చేసేటప్పుడు మీరు అక్కడ ఉండాలి. నేను వచ్చేవరకు కారు కదిలించవద్దని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే మాటల్లో పడకుండా, తాళం అడగకుండా, బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తానని చెప్పి తిరిగి వెళ్లిపోండి. అమ్మేవాడు ఏ కారణం చెప్పినా సరే.

ఇంత పట్టుదల ఎందుకంటే, వేడెక్కిన ఇంజన్ చాలా రోగాలను దాచేస్తుంది. లోహం వేడికి వ్యాకోచించి ఖాళీలు తగ్గుతాయి, ఆయిల్ అన్ని భాగాలకూ చేరి ఉంటుంది, చప్పుళ్లు అణిగిపోతాయి. మా తమ్ముడి మొదటి కారు అలాగే వచ్చింది. మేము వెళ్లేసరికి ఇంజన్ నడుస్తూనే ఉంది, పెట్రోలు పోయించుకొచ్చానని అమ్మేవాడు చెప్పాడు, మేము నమ్మాం. మూడు వారాలకు సిలిండర్ హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయింది. బాగుచేయడానికి కారు ధరలో మూడో వంతు అయింది. ఆ రోజు బానెట్ మీద చెయ్యి పెట్టకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

స్టార్టు చేసేముందు బానెట్ ఎత్తండి. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి తెల్ల గుడ్డతో తుడవండి. ఆయిల్ నల్లగా ఉంటే భయం లేదు, వాడిన ఆయిల్ అలాగే ఉంటుంది. పాలు కలిపిన కాఫీలా ఉంటే మాత్రం అందులో నీళ్లు కలిశాయి, ఇక ఆ కారు వద్దు. ఆయిల్ పోసే మూత కింద కొంచెం తెల్లటి నురగ కనిపిస్తే వెంటనే తీర్పు చెప్పకండి. చలిలో చిన్న దూరాలు తిరిగే కార్లలో గాలిలోని తేమ అక్కడ పేరుకుంటుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే కనిపిస్తేనే నిజమైన ప్రమాదం. తర్వాత రేడియేటర్ మూత తీసి చూడండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే ఈ మూత తీయాలి. వేడిగా ఉంటే లోపలి ఒత్తిడికి మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మీద నూనె తెట్టు ఉన్నా, తుప్పు రంగు నీళ్లు ఉన్నా వదిలేయండి.

ఇప్పుడు తాళం తిప్పండి, స్టార్టు మాత్రం చేయకండి. ఇంజన్, ఆయిల్, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) దీపాలు వెలగాలి. వెలగని దీపం బాగుందని కాదు అర్థం, లోపం కనబడకుండా దాన్ని ఎవరో పనిచేయకుండా చేశారేమోనని అనుమానించాలి. ఎయిర్‌బ్యాగ్ దీపం అస్సలు వెలగకపోతే ఆ కారుకు పెద్ద ప్రమాదం జరిగి ఉండవచ్చు.

ఇక స్టార్టు. అమ్మేవాణ్ణి చేయమని, మీరు కారు వెనక, సైలెన్సర్‌కు కొంచెం పక్కగా నిలబడండి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. స్టార్టు అయిన క్షణంలో మాత్రమే వచ్చి ఆగిపోతే చాలాసార్లు వాల్వ్ సీళ్లు అరిగాయి. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ వస్తే పిస్టన్ రింగులు, అది ఖరీదైన పని. తెల్ల ఆవిరి రెండు నిమిషాల్లో తగ్గిపోతే తేమ మాత్రమే. తగ్గకుండా, తియ్యటి వాసనతో వస్తూనే ఉంటే సిలిండర్‌లోకి కూలెంట్ దిగుతోంది. నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువగా కాలుతోంది.

చెవులు కూడా పెట్టండి. మొదటి రెండు మూడు క్షణాలు గొలుసు గలగలలాడినట్టు చప్పుడు వస్తే టైమింగ్ చైన్ (ఇంజన్ వాల్వులను సరైన సమయంలో తెరిపించే గొలుసు) సాగి ఉండవచ్చు. ఆయిల్ సకాలంలో మార్చని కార్లలో ఇది ఎక్కువ. చైన్ బదులు టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్ అయితే దాన్ని ఎప్పుడు మార్చారో రసీదు అడగండి. చాలా కార్లకు లక్ష నుంచి లక్షా అరవై వేల కిలోమీటర్ల మధ్య, లేదా తయారీదారు చెప్పిన ఏళ్లు గడవగానే మార్చాలి. నడుస్తుండగా అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు, పిస్టన్లు ఢీకొని ఇంజన్ మొత్తం పోతుంది. రసీదు లేకపోతే బెల్టు మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు ధరలోంచి తీసేయండి.

పావుగంట ఇంజన్ నడవనివ్వండి. ఈలోపు స్కానర్ తగిలించండి. లోపాల కోడ్లు లేకపోవడం ఒక్కటే చాలదు. కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే స్వీయ పరీక్షలు పూర్తయ్యాయో లేదో కూడా చూడండి. చాలావరకు పూర్తి కాలేదని చూపిస్తే ఎవరో ఇటీవలే కోడ్లు తుడిచేశారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు.

6. బాడీ, టైర్లు, నడక

అయస్కాంతం తలుపుల మీద, చక్రాల పైభాగాన నడిపించండి. పట్టుకోని చోట సొట్టలు పూడ్చిన పుట్టీ ఉండవచ్చు. స్పేర్ చక్రం తీసి అడుగున మట్టి, తడి చూడండి, సీటు బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి. వరద నీళ్లలో మునిగిన కారు ఎంత తక్కువకు వచ్చినా తీసుకోకూడదు. టైరు పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం.

నడిపేటప్పుడు పాటలు ఆపేయండి. తక్కువ వేగంలో పెద్ద గేరు వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ గోల పెరిగి కారు వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయింది. ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే కారు ఒక పక్కకు లాగకూడదు.

7. మెకానిక్, బేరం

అమ్మేవాడు చెప్పిన మెకానిక్ దగ్గరికి వెళ్లవద్దు. మీకు తెలిసినవాడికి డబ్బిచ్చి కారును లిఫ్టు మీద ఎత్తి చూపించండి. అతను రాసిచ్చిన లోపాల జాబితాయే మీ బేరం. ధర ఎంత తగ్గిస్తారని అడగకండి. ఈ పనులకు ఇంత అవుతుంది, అది తీసేసి మిగిలింది ఇస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే నమస్కారం చెప్పి లేచి రండి.

కొన్న మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేకు ఆయిల్ మార్పించండి. ఆ తేదీ, ఓడోమీటరు అంకె ఒక నోటుపుస్తకంలో రాసి కారులోనే ఉంచండి. రసీదులన్నీ అందులోనే పెట్టండి. మీరు ఈ కారు అమ్మే రోజున కొనేవాడు ముందుగా అడిగేది అవే.