బైక్‌కి రోలర్ స్టార్టర్ సొంతంగా ఎలా కట్టుకోవాలి?

కిక్ షాఫ్ట్ పళ్ళు అరిగిన పాత బండిని, ఇంజన్ విప్పి కొత్తగా బిగించిన బండిని ముగ్గురు కలిసి ఎండలో తోయడం విజయనగరంలో మా షెడ్డు ముందు రోజూ చూస్తాను. ఆ అవస్థ అక్కర్లేదు. వెనక చక్రాన్ని రెండు రోలర్ల మధ్య కూర్చోబెట్టి మోటారుతో తిప్పితే, ఆ చక్రమే ఇంజన్‌ని తిప్పుతుంది. బొబ్బిలి నుంచి పలాస దాకా ఇలా కట్టినవి చాలా చూశాను, సగం వాటి మీద బండి నిలవనే నిలవదు.

సామాన్లు పాత ఇనుము కొట్లోనే దొరుకుతాయి: 4 అంగుళాల పైపు ముక్కలు రెండు (అడుగు పొడవు), 25 ఎంఎం షాఫ్టు, నాలుగు బ్లాక్ బేరింగులు, ఫ్రేముకి ఎల్ యాంగిల్, నిమిషానికి 1440 చుట్లు తిరిగే 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు, 3, 6 అంగుళాల పుల్లీలు, ఒక వి బెల్టు. చిన్న పుల్లీ మోటారుకి, పెద్దది రోలర్‌కి. అప్పుడు చక్రం గంటకి 15 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది, అంతకన్నా ఎక్కువ వద్దు. చైన్ పెట్టకండి, బెల్టే పెట్టాలి, ఎందుకంటే ఇంజన్ ఒక్కసారి అందుకున్నప్పుడు బెల్టు కాస్త జారి ఆ కుదుపుని తీసుకుంటుంది.

పైపులకి రెండు వైపులా బిళ్ళలు వెల్డ్ చేసి, షాఫ్టు దూర్చి, రోలర్ ఊగకుండా నిటారుగా తిరిగేలా లేత్ మీద సెంటర్ చూపించండి. ఫ్రేము కట్టడం ఏ వెల్డర్‌కైనా వచ్చు.

అసలు చిక్కంతా రోలర్ల మధ్య దూరంలో ఉంది. 17, 18 అంగుళాల చక్రాలకి షాఫ్టు సెంటర్ నుంచి సెంటర్‌కి 11 అంగుళాలు ఉంచండి. అప్పుడు టైరు అడుగు భాగం రోలర్ల పైఅంచు కంటే అంగుళం పైచిలుకు కిందికి దిగి కుదురుగా కూర్చుంటుంది. దగ్గరగా పెడితే ఇంజన్ అందుకోగానే బండి ముందు రోలర్ ఎక్కి దూకేస్తుంది, నా కళ్ళముందే ఒక కుర్రాడి బండి అలా వెళ్ళి గోడకి కొట్టుకుంది. మరీ దూరం పెడితే టైరు లోపలికి దిగబడి, బండిని బయటికి లాగడానికి మళ్ళీ ముగ్గురు కావాలి.

రెండు రోలర్లూ సమాంతరంగా ఉండాలి, లేకపోతే చక్రం పక్కకి జరిగి రోలర్ అంచు దిగిపోతుంది. రెండు చివర్లా దూరం కొలవండి, రెండూ సమానంగా రావాలి. తర్వాత మూల నుంచి మూలకి అటూ ఇటూ కొలవండి, ఆ రెండు కొలతలూ కూడా సమానంగా రావాలి. మొదట వెల్డింగ్ చుక్కలు మాత్రమే పెట్టి మళ్ళీ కొలవాలి, వేడికి ఇనుము లాగేస్తుంది కాబట్టి. పూర్తి వెల్డింగ్ అయ్యాక మూడోసారి కూడా కొలవండి, బద్ధకించకండి!

పెద్ద పుల్లీని బండి ముందు వైపున్న రోలర్‌కే బిగించండి, అది తిరుగుతూ టైరుని కిందికి లాగుతుంది. రోలర్ పైభాగం బండి వెనక వైపుకి తిరగాలి, తిరగబడితే ఇంజన్ ఉల్టా తిరుగుతుంది. మోటారుకి ఎర్తింగ్ తప్పనిసరి, బెల్టుకి రేకు కవరు వేయండి. ఫ్రేముని నేలకి బోల్టులతో బిగించండి, ముందు చక్రానికి అడ్డుగా దిమ్మ పెట్టండి.

ఇక స్టార్ట్ చేయడం. ఇగ్నిషన్ ఆన్, మూడో గేరు, క్లచ్ పట్టి ముందు బ్రేకు నొక్కి ఉంచి మోటారు వేయండి. రోలర్లు వేగం అందుకున్నాక క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ అందుకున్న క్షణంలోనే క్లచ్ మళ్ళీ పట్టేయాలి, ఆక్సిలేటర్ ముట్టుకోకూడదు. పక్కన మనిషి మోటారు ఆపుతాడు, అప్పుడు న్యూట్రల్.

బండిని దించే ముందు మోటారు కరెంటు ప్లగ్గు పీకి, ముందు రోలర్ కింద చెక్క ముక్క ఇరికించండి. రోలర్ తిరగకుండా ఉంటేనే చక్రం దాని మీదుగా దిగుతుంది.