పాత ఇంజన్లను డీసీసీ పట్టాలెక్కించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఏళ్ల తరబడి పెట్టెలో ఉండిపోయిన పాత మోడల్ రైలు ఇంజను మళ్లీ పరుగెత్తితే చూడాలని ఎవరికి ఉండదు? అయితే ఇప్పుడు మీ పట్టాలు డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్, అంటే పట్టాల ద్వారానే ఒక్కో ఇంజనుకు విడిగా ఆదేశాలు పంపే పద్ధతి) మీద నడిచేవైతే, దాన్ని వాటి మీద పెట్టే ముందు కాస్త ఆగండి.

పాత పద్ధతిలో కంట్రోలర్ తిప్పితేనే పట్టాల్లోకి కరెంటు వస్తుంది. సున్నా నుంచి 12 వోల్టుల దాకా పెరుగుతుంది, ప్లస్ మైనస్ మారిస్తే ఇంజను వెనక్కి నడుస్తుంది. డీసీసీలో ఇంజను కదలకపోయినా పట్టాల్లో పూర్తి వోల్టేజీ ఉంటుంది, అదీ సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మార్చుకుంటూ. ఇంజనులో అమర్చే డీకోడర్ అనే చిన్న సర్క్యూటు ఆ మార్పుల్లోంచి ఆదేశాలు చదువుకుంటుంది. డీకోడర్ లేని మోటారు మాత్రం ఊరికే వణుకుతుంది.

కొన్ని డీసీసీ వ్యవస్థల్లో సున్నా అడ్రసు (డీకోడర్ లేని ఇంజను కోసం ఉంచిన నంబరు) మీద పాత ఇంజన్ను నడపవచ్చు. నడుస్తుంది, నిజమే. కానీ నిలబడి ఉన్నప్పుడు దానికి దగ్గరగా చెవి పెట్టి వినండి, దోమ రొద లాంటి సన్నని మోత వస్తుంది. కాసేపయ్యాక పైకప్పు మీద వేలు పెడితే వేడి తెలుస్తుంది. కదలని మోటారు కాలుతున్నదన్నమాట. అందుకే ఆపిన వెంటనే పట్టాల మీద నుంచి తీసేయండి. కోర్‌లెస్ మోటారు (లోపల తిరిగే చుట్టకు ఇనుప కోర్ లేనిది) ఉన్న ఇంజన్ను అసలు పెట్టనే వద్దు, చాలా త్వరగా పాడైపోతుంది. ప్లాస్టిక్ బాడీకి ఆనుకుని పాత 12 వోల్టుల బల్బు ఉంటే అదీ ఆగకుండా వెలిగి ప్లాస్టిక్‌ను కరిగించగలదు.

అన్నిటికన్నా నేను భయపడేది రెండు కరెంట్లు కలవడానికి. ఒక లూపు పాత కంట్రోలర్‌కు, పక్కది డీసీసీకి ఇచ్చి, మధ్యలో కరెంటు దాటనివ్వని ప్లాస్టిక్ జాయినర్లు వేశాం కదా అని ధీమా పడకండి. ఇంజను ముందు చక్రాలు ఆ సందు దాటి, వెనక చక్రాలు ఇవతలే ఉన్న క్షణంలో ఇంజనే రెండింటినీ కలిపే తీగ అవుతుంది. బూస్టర్ (పట్టాలకు డీసీసీ కరెంటు పంపే పరికరం) పోవచ్చు, కంట్రోలర్ పోవచ్చు, డీకోడర్ పోవచ్చు. లైట్లు వెలిగే బోగీ కూడా ఇదే పని చేస్తుంది, దీన్ని చాలామంది మరచిపోతారు. రెండు లూపుల మధ్య పాయింట్లే (రైలు ఒక దారి నుంచి మరో దారికి మారే చోట్లు) లేకుండా చూసుకోవడం నా దృష్టిలో ఉత్తమం. అలా కుదరకపోతే లేఅవుట్ మొత్తాన్ని ఒకే డీపీడీటీ స్విచ్‌తో (రెండు తీగలనూ ఒకేసారి ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చే స్విచ్) మార్చండి. దాని మధ్యలో ‘ఆఫ్’ స్థానం తప్పక ఉండాలి. కంట్రోలర్, డీసీసీ ఎప్పుడూ ఒకేసారి పట్టాలకు తగలకూడదు.

పట్టాలకు కరెంటు ఇచ్చే పాత క్లిప్పుల్లో కెపాసిటర్ ఉంటే తీసేయండి, అది డీసీసీ సంకేతాన్ని చెడగొడుతుంది. డీకోడర్ ఉన్న ఇంజన్లను డీసీ (పాత పద్ధతి కరెంటు) మీద నడిపే ఉద్దేశం లేకపోతే, సీవీ 29 అనే డీకోడర్ సెట్టింగులో అనలాగ్ (డీసీ) అనుమతి ఆపేయండి. లేకపోతే ఒక్కోసారి ఇంజను చెప్పాపెట్టకుండా పరుగు తీస్తుంది.

పాత ఇంజనుకే డీకోడర్ పెట్టదలిస్తే, మోటారు బ్రష్‌లు రెండూ ఛాసిస్‌కు తగలకుండా వేరు చేయండి. తరువాత 12 వోల్టులిచ్చి చక్రాలను ఒక్క క్షణం పట్టుకుని ఆపి, ఎన్ని ఆంపియర్లు లాగుతున్నదో మీటర్‌లో చూడండి. డీకోడర్ ఆ లెక్కకు పైనే తట్టుకోవాలి.

చివరగా, ఇంజన్లన్నీ తీసేసి, పట్టాల మీద అక్కడక్కడా అడ్డంగా ఒక నాణెం పెట్టండి. ప్రతిచోటా బూస్టర్ వెంటనే ట్రిప్ కావాలి. ఎక్కడ కాలేదో అక్కడ మరో జత తీగలు కలిపి, మళ్లీ నాణెం పెట్టి చూడండి.