పోషకాహార శాస్త్రం చదవాలనుకునేవారికి: సీటు దగ్గర్నుంచి మొదటి ఉద్యోగం దాకా

హాస్పిటల్‌లో డైటీషియన్‌గా చాలా ఏళ్లు పనిచేశాను, అందులో ఎక్కువ కాలం కిడ్నీ వార్డులోనే. ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌కి వచ్చే విద్యార్థులకు పని నేర్పుతున్నాను. ఏ ఆహారంలో ఏముందో వాళ్లలో చాలామందికి బాగానే తెలుసు. "ఆ సంగతి మనకెలా తెలిసింది?" అని అడిగితే మాత్రం ఆగిపోతారు. తిండి గురించి సలహాలు చెప్పేవాళ్లకు లోకంలో కొదవ లేదు. యూనివర్సిటీలో ఏళ్ల తరబడి చదివొచ్చిన మనిషి దగ్గర వాళ్లకు లేనిది ఒకటి ఉండాలి: ఒక మాట ఎంతవరకు నిజమో, ఎదురుగా కూర్చున్న ఈ మనిషికి అది వర్తిస్తుందో లేదో తేల్చుకోగల శక్తి. దాన్ని మొదటి ఏడాది నుంచే ఎలా పెంచుకోవాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

చేరే ముందు

కోర్సు పేరు చూసి చేరిపోకండి. ఆ డిగ్రీతో మీ దేశంలో డైటీషియన్‌గా రిజిస్టర్ కావచ్చా లేదా అన్నది ముందు కనుక్కోండి. బ్రిటన్‌లో డైటీషియన్ అనే హోదాకు చట్టపరమైన రక్షణ ఉంది, రిజిస్టర్ కాకుండా ఆ పేరు పెట్టుకోకూడదు. న్యూట్రిషనిస్ట్ అనే పేరుకు అక్కడ ఆ రక్షణ లేదు. అమెరికాలో 2024 జనవరి 1 నుంచి రిజిస్ట్రేషన్ పరీక్ష రాయాలంటే మాస్టర్స్ స్థాయి డిగ్రీ తప్పనిసరి. రూల్స్ ఇలా దేశాన్ని బట్టి మారతాయి, మధ్యలో కూడా మారుతుంటాయి. అందుకే సీనియర్లు చెప్పింది విని ఊరుకోకుండా, రిజిస్ట్రేషన్ ఇచ్చే సంస్థ ఈ ఏడాది ఏం చెబుతోందో మీరే చదవండి.

కాలేజీ వాళ్లను అడగాల్సినవి కూడా ఉన్నాయి. హాస్పిటల్ శిక్షణ కోర్సులో భాగమా, లేక మనమే వెతుక్కోవాలా? అక్కడ మన పని చూసేది రిజిస్టర్డ్ డైటీషియనేనా? స్టాటిస్టిక్స్ ఎన్ని సెమిస్టర్లు? చివరి ప్రశ్నకు "ఒక యూనిట్ ఉంటుంది" అన్న జవాబు వస్తే కాస్త ఆలోచించండి. ఆ లోటును తర్వాత మీరు సొంతంగా పూడ్చుకోవాల్సి వస్తుంది.

బయోకెమిస్ట్రీని బట్టీ పట్టొద్దు

మొదటి ఏడాది అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. తిన్నది ఒంట్లో ఎలా మారుతుందో చూపే రసాయన చర్యల చక్రాల (సైకిళ్ల) పటాలు వరసగా కంఠస్థం చేస్తే పరీక్ష గట్టెక్కుతుంది కానీ, వార్డులో ఒక్కటీ గుర్తురాదు. నేను చెప్పే పద్ధతి వేరు. ఒక మనిషి భోజనం చేశాడనుకోండి. తిన్న రెండు గంటలకు ఒంట్లో ఏం జరుగుతోంది? రాత్రంతా ఏమీ తినకపోతే? రెండు రోజులు, రెండు వారాలు తినకపోతే? ఒక పెద్ద కాగితం మీద ఈ దశలు గీసి, ప్రతి దశలో కాలేయం, కండరం, కొవ్వు, మెదడు ఏం చేస్తున్నాయో రాయండి. కాలేయంలో గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకున్న గ్లూకోజ్ నిల్వ) సుమారు 100 గ్రాములు మాత్రమే ఉంటుంది. కండరాల్లో అంతకు ఎక్కువే ఉన్నా అది గ్లూకోజ్‌గా మారి రక్తంలోకి రాదు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా దారులన్నీ ఎందుకున్నాయో అర్థమవుతుంది.

ఇదంతా మంచం పక్కన ఎక్కడ అక్కరకొస్తుందో చెబుతాను. చాలా రోజులు దాదాపు ఏమీ తినని రోగికి ఒక్కసారిగా పూర్తి ఆహారం మొదలుపెడితే ఇన్సులిన్ పెరుగుతుంది. రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి, థయమిన్ (విటమిన్ బి1) అవసరం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. తిండి పెట్టడమే ప్రాణం మీదికి తెచ్చే సందర్భం ఇది. అలాంటి రోగికి థయమిన్ ఇచ్చి, తక్కువ కేలరీలతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచాలి. ఇది రోగి దగ్గరున్న ఇంటివాళ్లకు వివరించాల్సింది కూడా మీరే. "ఇంత బక్కచిక్కిపోతే ఇంకా తక్కువ పెడతారేంటి?" అని వాళ్లు అడుగుతారు. ఆ కాగితం మీద గీసుకున్నదే మామూలు మాటల్లో చెప్పగలగాలి.

ఆకలి మనసును ఏం చేస్తుందో కూడా చదవండి. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త ఏన్సెల్ కీస్ 1944 నవంబరులో మొదలుపెట్టిన ప్రయోగంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా పాల్గొన్నారు. 24 వారాల పాటు వాళ్లకు సగం కడుపు తిండే పెట్టారు. బరువు తగ్గడం ఒక్కటే కాదు, వాళ్ల ఆలోచనలన్నీ తిండి చుట్టూనే తిరిగాయి. చిరాకు, దిగులు పెరిగాయి, వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. డైటింగ్ చేసి మళ్లీ బరువు పెరిగిన వ్యక్తిని "మీకు పట్టుదల లేదు" అనబోయే ముందు ఈ ప్రయోగం గుర్తుకురావాలి.

మనకెలా తెలిసింది?

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టమని నేను అడిగేది ఇక్కడే. ఒక ఉదాహరణ పూర్తిగా అర్థమైతే చాలు, దారి దొరుకుతుంది. కూరగాయలు, పండ్లు ఎక్కువ తినేవాళ్లకు, రక్తంలో బీటా కెరోటిన్ (క్యారెట్ లాంటివాటిలో ఉండే, ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) ఎక్కువ ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోందని చాలా పరిశీలనల్లో కనిపించింది. అయితే బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే సరిపోతుంది కదా? ఫిన్లాండ్‌లో 50 నుంచి 69 ఏళ్ల వయసున్న, పొగతాగే 29,133 మంది పురుషుల మీద పరీక్షించి చూశారు. 1994లో ఫలితాలు వచ్చాయి: రోజుకు 20 మిల్లీగ్రాముల మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది.

ఎందుకలా? కూరగాయలు ఎక్కువ తినేవాళ్లు చాలా విషయాల్లో మిగతావాళ్లకంటే వేరుగా ఉంటారు. పొగ తక్కువ తాగుతారు, ఆదాయం, చదువు వేరుగా ఉండొచ్చు, ఆహారంలో ఇంకెన్నో పదార్థాలుంటాయి. కెరోటిన్ ఆ జీవితానికంతటికీ ఒక గుర్తు కావచ్చు, కారణమే కానక్కర్లేదు. పైగా మాత్రలోని మోతాదు, పొగకు గురవుతున్న ఊపిరితిత్తి, ఇవి కలిస్తే ఏమవుతుందో ముందు పరిశీలనల్లో తెలిసే వీలే లేదు. "ఫలానాది తినేవాళ్లకు ఫలానా జబ్బు తక్కువ" అనే వార్త చూసిన ప్రతిసారీ ఆ ఫిన్లాండ్ మాత్రను తలుచుకోండి.

వారానికి ఒక పరిశోధనా పత్రం చదవడం రెండో ఏడాది నుంచి అలవాటు చేసుకోండి. సారాంశంతో మొదలుపెట్టకండి, నేరుగా పద్ధతుల భాగానికి వెళ్లండి. ఎవరి మీద చేశారు? వాళ్లు ఏం తిన్నారన్నది ఎలా కొలిచారు? దేనితో పోల్చారు? ఎంతకాలం? ఆ తర్వాత అంకెలు చూడండి. "ప్రమాదం 50 శాతం పెరిగింది" అంటే వెయ్యిమందిలో ఇద్దరి నుంచి ముగ్గురికి పెరిగినా అంతే, రెండొందల నుంచి మూడొందలకు పెరిగినా అంతే. అసలు సంఖ్య ఎంతో రాసుకోకుండా శాతం దగ్గర ఆగొద్దు.

పేరున్న పత్రికలో వచ్చినా చదివే పద్ధతి మారకూడదు. మధ్యధరా ఆహారం మీద స్పెయిన్‌లో చేసిన ప్రెడిమెడ్ అధ్యయనం 2013లో వెలువడింది. పాల్గొన్నవాళ్లందరినీ సరిగ్గా లాటరీ పద్ధతిలో విభజించలేదని తేలడంతో 2018లో పరిశోధకులే దాన్ని వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ కట్టి ప్రచురించారు. ఆ రెండు రూపాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. సైన్స్ తనను తాను దిద్దుకోవడం అంటే ఏమిటో ఏ లెక్చర్‌లోనూ అంత స్పష్టంగా కనిపించదు.

కొలవడం ఒక నైపుణ్యం

"నిన్న ఏం తిన్నారు?" అని అడగడం తేలికే, సరైన జవాబు రాబట్టడం కష్టం. 24 గంటల రీకాల్‌ను ఐదు అంచెల్లో చేయడం నేర్చుకోండి: ముందు మధ్యలో ఆపకుండా వాళ్లు చెప్పింది రాసుకోవాలి, తర్వాత మర్చిపోయేవాటి గురించి అడగాలి (తాగినవి, చిరుతిళ్లు, పైన వేసుకున్నవి), ఆ తర్వాత ఏ సమయంలో, ఏ సందర్భంలో తిన్నారో, తర్వాత పరిమాణం, తయారీ వివరాలు, చివర్లో మొత్తం ఒకసారి చదివి వినిపించాలి. స్నేహితుల మీద సాధన చేయండి. ముఖంలో ఆశ్చర్యం గానీ మెచ్చుకోలు గానీ కనిపించకుండా వినడం కూడా ఇందులో భాగమే. మీరు కనుబొమ్మ ఎగరేస్తే అవతలివాళ్లు తర్వాతి వస్తువును దాచేస్తారు.

ఎంత బాగా అడిగినా మనుషులు తిన్నదానికంటే తక్కువే చెబుతారు. డబుల్ లేబుల్డ్ వాటర్ అనే పద్ధతి దీన్ని బయటపెట్టింది. బరువైన హైడ్రోజన్, ఆక్సిజన్ ఐసోటోపులున్న నీళ్లు తాగిస్తారు. హైడ్రోజన్ నీటి రూపంలోనే బయటికి పోతుంది, ఆక్సిజన్ నీటితోనూ కార్బన్ డయాక్సైడ్‌తోనూ పోతుంది. ఆ రెండింటి తేడాను బట్టి మనిషి ఎంత శక్తి ఖర్చుచేశాడో తెలుస్తుంది. అలా తేలిన ఖర్చుతో పోలిస్తే చాలామంది నోటితో చెప్పిన తిండి సరిపోదు. వాళ్లు అబద్ధాలకోరులని దీనర్థం కాదు, జ్ఞాపకమూ మొహమాటమూ అలా పనిచేస్తాయి.

ఒక వారం మీరు తినేదంతా తూచి రాయండి, అదెంత శ్రమో తెలుస్తుంది. కానీ తూకం చూస్తే గుండెదడ మొదలవుతున్నా, అంకెల కోసం తినడం మానేస్తున్నా వెంటనే ఆపేసి నమ్మకమున్నవాళ్లతో మాట్లాడండి. ఈ చదువులో రాత్రింబవళ్లు తిండి అంకెలే కనిపిస్తాయి, వాటి భారం కొందరి మీద ఎక్కువ పడుతుంది. సహాయం అడిగినంత మాత్రాన ఈ వృత్తికి పనికిరారని ఎవరూ అనకూడదు.

టేపుతో కొలతలూ అంతే జాగ్రత్తగా నేర్చుకోవాలి. 6 నుంచి 59 నెలల పిల్లల్లో భుజానికీ మోచేతికీ మధ్యలో చేతి చుట్టుకొలత 115 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే తీవ్రమైన పోషకాహార లోపంగా గుర్తిస్తారు. టేపు కాస్త వదులుగా పట్టుకుంటే చికిత్స అందాల్సిన బిడ్డ ఇంటికి వెళ్లిపోతుంది. ఒకే చేతిని పలుమార్లు కొలిచి, మీ కొలతలు ఒకదానితో ఒకటి ఎంత కలుస్తున్నాయో చూసుకుంటూ ఉండండి.

మనిషిని బట్టి సలహా

డయాలసిస్ దాకా రాని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ముదిరిన దశలో, షుగర్ లేనివాళ్లకు, వైద్యుల పర్యవేక్షణలో కిలో బరువుకు రోజుకు 0.55 నుంచి 0.6 గ్రాముల ప్రోటీన్‌కు తగ్గించమని కొన్ని మార్గదర్శకాలు చెబుతాయి. డయాలసిస్ మొదలయ్యాక అదే మనిషికి 1.0 నుంచి 1.2 గ్రాములు కావాలి. ఏళ్ల తరబడి "తగ్గించండి" అని విన్న మనిషికి ఒక రోజున "పెంచండి" అని చెప్పాలి. ఇక్కడే మీ నోట్స్ రాసే తీరు తెలుస్తుంది. "పేషెంట్ తక్కువ తింటున్నారు" అని రాస్తే తర్వాత వచ్చే డాక్టర్‌కు ఏమీ తెలియదు. సమస్య, కారణం, ఆధారం విడివిడిగా రాయండి: ప్రోటీన్ తక్కువగా అందుతోంది, డయాలసిస్ మొదలైనా పాత ఆంక్షలే పాటిస్తున్నారు, మూడు రోజుల రికార్డులో కిలోకు 0.6 గ్రాములే కనిపిస్తున్నాయి. ఇలా రాస్తే ఏం చేయాలో దానంతటదే తేలుతుంది: నమ్మకంగా కూర్చుని మాట్లాడటమే మొదటి చికిత్స.

మాట్లాడేటప్పుడు "ఇవన్నీ మానేయండి" అని లిస్టు చేతిలో పెట్టకండి. "వీటిలో మీకు ఏది వదలడం కష్టం?" అని అడగండి. దాన్ని ఎలాగోలా నిలబెట్టి, మిగతావాటిలో సర్దుబాటు చూడండి. వంట చేసేదెవరో, డబ్బు చూసుకునేదెవరో కూడా కనుక్కోండి.

ఉద్యోగం వైపు

హాస్పిటల్, ప్రజారోగ్యం, క్రీడలు, ఆహార పరిశ్రమ, పరిశోధన: దారులు చాలానే ఉన్నాయి, మూడో ఏడాదిలోపు రెండింటినైనా దగ్గరగా చూడండి. ప్రజారోగ్యం చప్పగా ఉంటుందనుకునేవాళ్లకు నేను ఫోలిక్ యాసిడ్ కథ చెబుతాను. అంతకుముందు నాడీనాళ లోపంతో (మెదడు, వెన్నుపాము సరిగా ఏర్పడని లోపం) బిడ్డ పుట్టిన తల్లులు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరీక్ష చూపించింది. 1998 నుంచి అమెరికాలో ధాన్యపు పిండిలో దాన్ని కలపడం తప్పనిసరి చేశారు. డైటీషియన్‌ను ఎప్పుడూ కలవని కోట్లమందికి ఆ మేలు చేరింది. ఈ వైపు వెళ్లాలనుకుంటే ఆర్ లాంటి స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి చేతికి అలవాటు కావాలి. కంపెనీల్లో చేరేవాళ్లు లేబుల్ చట్టాలు చదవాలి, ఏ పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారో చూసే అలవాటును అక్కడ కూడా వదలకూడదు.

ఇంటర్న్‌షిప్‌కి రాసేటప్పుడు "నాకు న్యూట్రిషన్ అంటే ప్రాణం" అని మొదలుపెట్టకండి. మొదటి రోజు నుంచే చేయగలిగిన పనులు రాయండి: రీకాల్ తీసుకోగలను, ఎత్తు బరువు సరిగ్గా కొలవగలను, డేటా శుభ్రం చేయగలను. పేరూ ఊరూ తీసేసిన ఒక కేస్ నోట్, మీరు విశ్లేషించిన ఒక పరిశోధనా పత్రం మీద ఒక పేజీ జతచేయండి. ఏ తేదీ నుంచి ఎన్ని వారాలు రాగలరో స్పష్టంగా చెప్పండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. వార్డు పనిలో ఉన్నవాళ్లకు మెయిల్ చూడటం ఆలస్యమవుతుంది, దాన్ని కాదన్నట్టుగా తీసుకోవద్దు.