పీ పఫర్ తిండి గొడవ ఇలా తీరింది

అక్వేరియంలో పెంచుకుందామని కొత్తగా తెచ్చిన పీ పఫర్ అనే బుల్లి చేప, గుళికల మేత వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పొట్ట లోపలికి పోతుంటే ఒకటే టెన్షన్. ఈ చేప పెరిగినా 3 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, కానీ దానికి కదిలే తిండే కావాలి.

అందుకని విడిగా ఓ సీసాలో, నీటిమొక్కలతో పాటు వచ్చే చిన్న నత్తల్ని పెంచి, రోజూ రెండు మూడు వేశాను. నత్త ముందు ఆగి, రెండు కళ్లూ వేర్వేరుగా తిప్పుతూ గమనించి, మెత్తటి ఒళ్లు బయటికి రాగానే టక్కున కొరికింది! ఎంత సంతోషమేసిందో. తర్వాత ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (గడ్డకట్టించి అమ్మే చిన్న ఎర్ర పురుగులు) కరిగించి డ్రాపర్‌తో మూతి ముందు ఆడిస్తే అవీ తింది. కొద్ది రోజుల్లోనే పొట్ట గుండ్రంగా తేలింది.

మిగిలిన తిండి వెంటనే తీసేయండి, లేకపోతే నీటిలో చేపకు హాని చేసే అమ్మోనియా పెరుగుతుంది. ట్యాంకులో ఉప్పు వేయమని కొందరంటారు. ఇది కేరళ నదుల్లో పుట్టిన మంచినీటి చేప, ఉప్పు అక్కర్లేదు.