సంపు నిండా నీళ్లున్నా ‘డ్రై రన్’ అంటోందా?

ఈశాన్య రుతుపవనాల వానలు దంచి వెలిశాక చెన్నై ఇళ్లలో మోటారు ప్యానెళ్లు తిక్కతిక్కగా మాట్లాడతాయి. కింద సంపు నిండి ఉంటే ‘డ్రై రన్’ (నీళ్లు లేకుండా మోటారు తిరుగుతోంది) అంటాయి, పైన ట్యాంకు ఖాళీగా ఉంటే ‘ఫుల్’ అంటాయి. వెంటనే ప్యానెల్ మార్చేయకండి. నీళ్లలో ముంచిన స్టీలు రాడ్ల మధ్య సన్నగా కరెంటు పారితే నీళ్లున్నట్టు, పారకపోతే లేనట్టు. ప్యానెల్ కు తెలిసిందల్లా అంతే. తప్పు చాలావరకు వైర్లలోనో, రాడ్లలోనో, ఒక్కోసారి నీళ్లలోనో ఉంటుంది.

ట్యాంకు ఖాళీ, లైటు ‘ఫుల్’

నీళ్లు లేకుండానే ఎక్కడో రెండు వైర్లు కలుస్తున్నాయి. ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్చి) దించి, ప్యానెల్లో ‘హై’ వైరు (ట్యాంకు పై మట్టం రాడ్డుది) ఊడదీసి, కొస దేనికీ తగలకుండా పెట్టి, మూత మూశాక కరెంటు ఇవ్వండి. లైటు ఇంకా వెలిగితే తప్పు ప్యానెల్‌దే. ఆరిపోతే మళ్లీ ఎంసీబీ దించి ఆ వైరు బిగించండి. ఈసారి మేడమీద ట్యాంకు మూత దగ్గర ఊడదీసి చూడండి. ఇప్పుడూ వెలిగితే మధ్యలో కేబుల్ తడిసింది, ఆరితే రాడ్ల హోల్డరు తడిసింది.

కేబుల్ అయితే టేపు చుట్టిన జాయింటు విప్పండి. రాగి పచ్చగా చిలుము పట్టి, టేపు లోపల చెమ్మ కనబడుతుంది. మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి, జెల్ నింపిన కనెక్టరుతో కలిపి, వైరు దూరే రంధ్రాలు కిందికి ఉండేలా బాక్సు బిగించండి. తిరువాన్మియూరు, బీసెంట్ నగర్ లాంటి ఉప్పుగాలి చోట్ల టేపు ఒక్కటే సరిపోదు.

సంపు నిండుగా ఉన్నా ‘డ్రై రన్’

తమిళనాడులో 2003 నుంచి భవనాలకు వాననీటి సేకరణ తప్పనిసరి. డాబా నీళ్లను ఫిల్టరు గుండా సంపులోకే మళ్లించుకున్న ఇళ్లలో ఈ తంటా ఎక్కువ. వాననీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. బోరునీళ్లకు సరిపెట్టిన ప్యానెల్‌కు ఆ నీళ్లు నీళ్లలాగే అనిపించవు.

ముందు కరెంటు ఆపి రాడ్లు బయటికి తీయండి. తెల్లటి గార పట్టి ఉంటే వెనిగర్లో అరగంట నానబెట్టి సన్న ఎమెరీ కాగితంతో రుద్దండి. తర్వాత గ్లాసు నీళ్లలో చిటికెడు ఉప్పు కలిపి, రాడ్లు ఒకదానికొకటి తగలకుండా ముంచి కరెంటు ఇవ్వండి. అలర్టు పోతే ప్యానెల్, వైర్లు బాగున్నట్టే. పోకపోతే వైరు తెగిందేమో చూడాలి. ఉప్పునీళ్లలో అలర్టు పోయి, సంపులో మళ్లీ వస్తే సెన్సిటివిటీ స్క్రూ కొద్దికొద్దిగా పెంచండి, రాడ్ల మధ్య ఎడం తగ్గించండి. స్క్రూ లేని ప్యానెల్ అయితే నీళ్ల మీద తేలే ఫ్లోట్ స్విచ్చి పెట్టించుకోవడమే మేలు. దానికి నీళ్ల రుచితో పనిలేదు, పైపుకు చుట్టుకోకుంటే చాలు. సంపులోనే ఉప్పు పోయమనే సలహాదారులూ ఉంటారు. ఆ నీళ్లతోనే పప్పు ఉడకాలి కదా!

రాడ్లలో ఒకటే సన్నబడి అరిగిపోతుంటే ఆ ప్యానెల్ డీసీ కరెంటు పంపుతున్నట్టు లెక్క. కొత్తది కొనేటప్పుడు ఏసీ సెన్సింగ్ అని అడిగి తీసుకోండి.

సంపులో రాడ్లే లేవు, అయినా ‘డ్రై రన్’

ఇవి రాడ్లతో కాకుండా, మోటారు ఎంత కరెంటు (ఆంపియర్లు) లాక్కుంటోందో చూసే ప్యానెళ్లు. మోటారు తిరుగుతూ నీళ్లు తోడకపోతే ఆంపియర్లు తగ్గి ఆపేస్తాయి, కాబట్టి ఈ అలర్టు నిజమే కావచ్చు. పంపు మీది ప్రైమింగ్ మూత తీసి అంచుదాకా నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. మట్టం దిగిపోతే సంపులోంచి నీళ్లు లాగే సక్షన్ పైపు ఎక్కడో కారుతోంది. ముందు ఆ పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు చూడండి, వరద తెచ్చిన ఇసుక రేణువు చాలు అది మూసుకోకపోవడానికి.

ఆర్‌సీసీబీ పడిపోతోంది

ఇది కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి. మోటారు వరదలో మునిగిందా? ఆర్‌సీసీబీని పదేపదే ఎత్తకండి, బైపాస్ అసలే చేయించకండి. ఎలక్ట్రీషియన్ 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగుకూ బాడీకీ మధ్య చూస్తే కనీసం 1 మెగా ఓం రావాలి. రాకపోతే మోటారు విప్పి ఆరబెట్టించి, మళ్లీ మెగ్గరు పెట్టి చూశాకే కరెంటు ఇవ్వాలి.