పెళ్లికి ముందు నా ముఖంతో నేను పడిన తంటా

పెళ్లికి ఇంకా ఆరు నెలలుందనగా తొందరపడి విటమిన్ సి సీరమ్, మృతకణాలను తొలగించే గ్లైకోలిక్ ఆమ్లం, విటమిన్ ఎ రకానికి చెందిన రెటినాల్ ఒకే వారంలో మొదలుపెట్టాను. పది రోజులకు బుగ్గలు ఎర్రబడి పొట్టు రాలాయి. నీళ్లు తగిలినా మంటే.

చర్మవైద్యురాలు అన్నీ ఆపేయమన్నారు. నాలుగు వారాలు సున్నితమైన క్లెన్సర్, సువాసన లేని మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, అంతే. ఖరీదైన సీసాలన్నీ అలమరలో నన్ను వెక్కిరిస్తూ కూర్చున్నాయి.

మంట తగ్గాక మొటిమలకు 0.1 శాతం అడాపలీన్ అనే పూతమందు ఇచ్చారు. ముఖమంతటికీ బఠాణీ గింజంత, వారానికి రెండు రాత్రులు మాత్రమే. మూడో వారంలో మొటిమలు తగ్గకపోగా పెరిగాయి. మానేద్దామనుకున్నాను. మొదట్లో ఇలా పెరగడం మామూలేనని, ఫలితం పూర్తిగా తెలియడానికి సుమారు 12 వారాలు పడుతుందని ఆవిడ చెప్పారు. నిజంగానే మూడో నెలకు ముఖం తేటపడింది. ముందుగా మొదలుపెట్టడం ఎందుకో అప్పుడు అర్థమైంది. అన్నట్టు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు ఈ మందు వాడకూడదు. పెళ్లి దగ్గర్లో ఉన్నవారు వైద్యులతో ఈ సంగతి మాట్లాడటం మంచిది.

మచ్చలకు పీల్ (రసాయనంతో చర్మం పై పొరను తొలగించే చికిత్స) చివరిసారి పెళ్లికి ఆరు వారాల ముందే చేయించుకున్నాను. వ్యాక్సింగ్‌కు వారం ముందు అడాపలీన్ ఆపాను, లేకపోతే చర్మం ఊడివచ్చే ప్రమాదముంది. ఆఖరి నెలలో కొత్తది ఏదీ ముట్టుకోలేదు. స్నేహితురాలు ఎంతో ప్రేమగా తెచ్చిన ఫేస్‌మాస్క్ ఇప్పటికీ విప్పకుండానే ఉంది.