ఎల్‌ఎన్‌జీ షేరు కొనే ముందు వేసుకోవలసిన లెక్క

సహజ వాయువును మైనస్ 162 డిగ్రీలకు చల్లబరిస్తే అది ద్రవంగా మారి, దాని పరిమాణం దాదాపు 600వ వంతుకు తగ్గిపోతుంది; ఆ ద్రవమే ఎల్‌ఎన్‌జీ. వాయువును ద్రవంగా మార్చేవారు, ఓడల్లో మోసేవారు, రేవులో దించుకుని తిరిగి వాయువుగా చేసేవారు, చివరకు వంటింటికో బట్టీకో అమ్మేవారు, అందరినీ మార్కెట్లో ‘గ్యాస్ షేర్లు’ అనే ఒక్క పేరుతోనే పిలుస్తారు. అయితే 2020లో ఎంఎంబీటీయూకు (గ్యాసును దాని వేడిని బట్టి కొలిచే యూనిట్) 2 డాలర్ల దగ్గరకు పడిపోయిన ఆసియా స్పాట్ ధర (అప్పటికప్పుడు కొనే సరకు ధర) 2022 మార్చిలో ఒక దశలో 80 డాలర్లు దాటినప్పుడు వీరిలో ఒకరికి లాభం, మరొకరికి నష్టం వచ్చింది. కాబట్టి ఏ కంపెనీనైనా ముందుగా అడగవలసింది ఒక్కటే: గ్యాస్ ధర పెరిగితే ఆ భారం ఎవరి మీద పడుతుంది?

మన దేశంలో ఈ ప్రశ్నకు తేటగా జవాబు దొరికేది పెట్రోనెట్ ఎల్‌ఎన్‌జీలో. గెయిల్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం ఒక్కొక్కటి 12.5 శాతం వాటాతో 1998లో నెలకొల్పిన ఈ సంస్థకు గుజరాత్‌లోని దహేజ్‌లో 2004 నుంచి ఎల్‌ఎన్‌జీని దించుకుని వాయువుగా మార్చే టెర్మినల్ నడుస్తోంది. 2019లో దాని సామర్థ్యం ఏడాదికి 1.75 కోట్ల టన్నులకు చేరింది. ఖతార్ నుంచి దీర్ఘకాలిక ఒప్పందం కింద ఏటా తెచ్చే 75 లక్షల టన్నుల ధరను కొనుగోలుదారులకే బదలాయిస్తుంది. మిగతా సరకులో చాలా భాగం ఇతరులదే. సంస్థకు ప్రధానంగా మిగిలేది తిరిగి వాయువుగా మార్చినందుకు వసూలు చేసే రుసుము, అంటే టోల్ గేటు రాబడి వంటిది.

ఈ లెక్కను కాగితం మీద ఒకసారి వేసి చూడండి. టన్ను ఎల్‌ఎన్‌జీ సుమారు 52 ఎంఎంబీటీయూలు. దహేజ్ ఆ 1.75 కోట్ల టన్నుల పూర్తి సామర్థ్యంతో నడిస్తే 91 కోట్ల ఎంఎంబీటీయూలు అవుతాయి. లెక్క కోసం రుసుము 60 రూపాయలనుకుంటే ఏడాదికి 5,460 కోట్ల రూపాయలు. అదే సమయంలో గ్యాస్ ధర 12 డాలర్లు, డాలరు 85 రూపాయలు అయితే ఒక్కో ఎంఎంబీటీయూ విలువ 1,020 రూపాయలు, అందులో రుసుము 6 శాతం కూడా లేదు. గ్యాస్ ధర సగానికి పడిపోతే, సంస్థ తన పేరు మీద కొని అమ్మిన సరకు వరకు టర్నోవరు కూడా సగమవుతుంది గాని రుసుము ఒక్క రూపాయి తగ్గదు. అందువల్ల ‘అమ్మకాలు కుప్పకూలాయి’ అన్న వార్త చదివి ఈ షేరును అమ్ముకున్నవారు చూడవలసిన అంకెను చూడనట్లే.

చూడవలసిన అంకె టెర్మినల్ వినియోగ శాతం. త్రైమాసిక ఫలితాల ప్రకటనలో అది దహేజ్‌కు, ఇదే సంస్థకు కొచ్చిలో ఉన్న మరో టెర్మినల్‌కు విడివిడిగా దొరుకుతుంది. ఈ రెండింటి తేడాలోనే అసలు పాఠం ఉంది. కొచ్చిలో 50 లక్షల టన్నుల టెర్మినల్ 2013లోనే సిద్ధమైనా, గ్యాసును మంగళూరు దాకా మోయవలసిన పైపులైను 2021 జనవరిలో గాని ప్రారంభం కాలేదు. అన్నేళ్లూ అంత పెట్టుబడి రేవులో చాలావరకు ఖాళీగా కూర్చుంది.

తరువాత వార్షిక నివేదికలో బకాయిల గమనికలు తెరవండి. బుక్ చేసుకున్న సామర్థ్యాన్ని వాడుకోకపోయినా కట్టవలసిన ‘యూజ్ ఆర్ పే’ మొత్తాలను ఆదాయంగా చూపడం ఒక సంగతి, అవి చేతికి రావడం మరొక సంగతి. అవి రాకపోవచ్చని ఎంత మొత్తం నష్టంగా కేటాయించారో, బ్యాంకు గ్యారంటీలు ఉన్నాయో లేవో చదవాలి. పైగా ఇక్కడ ప్రమోటర్లే పెద్ద ఖాతాదారులు, పెట్రోలియం శాఖ కార్యదర్శి చైర్మన్. రుసుము పెంచే విషయంలో చిన్న వాటాదారు కోరేదీ వారు కోరేదీ ఎల్లప్పుడూ ఒకటి కావు. టోల్ గేటు నడిపే సంస్థ 2023లో దహేజ్‌లోనే 20,000 కోట్ల రూపాయలకు పైగా ఖర్చుతో పెట్రోకెమికల్ ప్లాంటుకు పూనుకోవడం నాకంతగా రుచించలేదు; డివిడెండు కోసం కొనేవారు ఆ ఖర్చును తప్పక లెక్కలో వేసుకోవాలి. ఖతార్ ఓడలన్నీ గల్ఫ్ నుంచి బయటకు తెచ్చే ఇరుకైన హార్ముజ్ జలసంధి దాటే రావాలన్నది కూడా మరువరాదు.

గెయిల్‌కు ఇంతటి రక్షణ లేదు. అమెరికా నుంచి కొన్న సరకును ఏ ధరకు అమ్ముకోగలదన్న దాన్ని బట్టి దాని వ్యాపార విభాగం లాభం ఊగుతుంది. ఇళ్లకు, పరిశ్రమలకు గ్యాస్ అమ్మే గుజరాత్ గ్యాస్ పరిస్థితి మరింత సున్నితం: మోర్బీ టైల్స్ బట్టీల వారు ఎల్‌ఎన్‌జీ ఖరీదైన రోజున ప్రొపేన్‌కు మారిపోతారు. హైదరాబాదు, విజయవాడల్లో కనిపించే భాగ్యనగర్ గ్యాస్ గెయిల్, హెచ్‌పీసీఎల్‌ల ఉమ్మడి సంస్థ. అది లిస్టు కాలేదు కనుక దాని షేరు విడిగా కొనలేము.

అమెరికాలో ఉన్నవారు, లేదా రిజర్వు బ్యాంకు అనుమతించే ఏడాదికి 2.5 లక్షల డాలర్ల పరిమితిలో ఇక్కడి నుంచి కొనేవారు అమెరికా గ్యాసును ద్రవంగా మార్చి ఎగుమతి చేసే షెనియర్ ఎనర్జీ ఒప్పందాల తీరు చూడవచ్చు. కొనుగోలుదారు సాధారణంగా హెన్రీ హబ్ (అమెరికాలో గ్యాసుకు ప్రామాణికమైన) ధరలో 115 శాతంతో పాటు స్థిర రుసుము చెల్లిస్తాడు; సరకు వద్దనుకున్నా స్థిర రుసుము మాత్రం కట్టి తీరాలి. 2020లో ఓడలు వరుసగా రద్దయినప్పుడు ఆ కంపెనీని నిలబెట్టింది ఆ షరతే. షెనియర్ సహ వ్యవస్థాపకుడు షరీఫ్ సూకీ తరువాత పెట్టిన టెలూరియన్ మాత్రం డ్రిఫ్ట్‌వుడ్ టెర్మినల్‌కు సరిపడా ఒప్పందాలు, అప్పు కూడగట్టలేక 2024లో షేరుకు ఒక డాలరు చొప్పున ఆస్ట్రేలియా కంపెనీ వుడ్‌సైడ్ చేతికి పోయింది.

మన తీరంలో గంగవరం, కాకినాడ టెర్మినళ్ల గురించి ఏళ్ల తరబడి వచ్చిన ప్రకటనలను కూడా ఈ దృష్టితోనే చదవాలి: సంతకమైన కొనుగోలు ఒప్పందం, పైపులైను, తుది పెట్టుబడి నిర్ణయం, ఈ మూడూ కనిపించేదాకా ఏ ప్రకటిత టెర్మినల్‌కూ షేరు విలువలో చోటివ్వకండి.